ముందే మాట్లాడుకుంటే పేచీ లేదు!

పులి-మేక, చదరంగం: ఊరికో కట్టుబాటు

పులి-మేక ఆటలో గెలుపోటముల కంటే షరతుల మీదనే ఎక్కువ తగువులు వస్తుంటాయి. "మా ఊళ్లో ఇలా ఆడరు" అని ఒకరంటే, "మా తాత ఇలాగే నేర్పాడు" అని మరొకరంటారు. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఇది పుస్తకం చదివి నేర్చిన ఆట కాదు, పెద్దలు ఆడుతుండగా చూసి నేర్చినది. అందుకే ఊరు మారితే షరతూ మారుతుంది.

అందరూ ఒప్పుకునే సంగతులు కొన్ని ఉన్నాయి. సుద్దతో గీసిన త్రికోణం, అడ్డగీతలు, సాధారణంగా 23 కూడళ్లు. పులులు 3, మేకలు 15. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు సరిపోతాయి. మేకలను ఒక్కొక్కటిగా దించాలి. పులి పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ కూడలికి దూకితే ఆ మేక చచ్చినట్టే. పులులు మూడూ కదలకుండా కట్టేస్తే మేకలవారిది గెలుపు.

చిన్న మార్పు, పెద్ద తేడా

పేచీ అంతా మిగతా షరతుల దగ్గరే. పులి ఒకే ఎత్తులో వరుసగా రెండు మేకల మీదుగా దూకవచ్చునంటే పులులకు బలం పెరుగుతుంది. మేక అందితే చంపి తీరాలంటే మేకలవారికి లాభం. ఒక మేకను ఎరగా పెట్టి పులిని మూలకు రప్పించి కట్టేయవచ్చు. మేకలన్నీ దించేదాకా ఏ మేకనూ కదపరాదన్నది చాలామంది పాటించే షరతు. దాన్ని సడలిస్తే చిక్కులో పడ్డ మేక తప్పించుకుంటుంది. ఎన్ని మేకలు చస్తే పులులు గెలిచినట్టో కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

రాజుకు గుర్రపు దూకుడు

చదరంగంలోనూ ఇంతే. దేశవాళీ పద్ధతిలో బంటు మొదటిసారి కూడా ఒక గడే నడుస్తుంది. రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. చివరి గడి చేరిన బంటు, ఆ వరుసలో మొదట ఏ పావు ఉండేదో ఆ పావు అవుతుంది. పోటీల్లో ఇవేవీ చెల్లవు. అక్కడ చేయి పెట్టిన పావును జరపాల్సిందే. ఇంట్లో ఎత్తు వెనక్కి తీసుకోవడానికి అలవాటుపడ్డ పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు.

అలాగని దేశవాళీ ఆటను చిన్నచూపు చూడనక్కరలేదు. అవిభక్త పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ మొదట నేర్చినది ఆ పద్ధతే. తర్వాత పాశ్చాత్య నియమాలు నేర్చుకుని 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1966లో మరణించిన ఆయనకు 2024లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది.

సైన్యంలోనూ ఇదే చర్చ

బల్లమీద యుద్ధం నడిపే ఆటలు సైన్యాల్లోనూ ఉన్నాయి. ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ 1824లో అలాంటి ఆటకు నియమాల పుస్తకం వెలువరించాడు. పటం పరచి, దళాలకు గుర్తుగా చిన్న దిమ్మెలు పెట్టి, పాచికలు వేసి నష్టాలు లెక్కకట్టేవారు. ఆ లెక్కలతో ఆట నత్తనడక నడిచేది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే మరో అధికారి పాచికలను, పట్టికలను పక్కన పెట్టి, యుద్ధం ఎరిగిన మధ్యవర్తి తీర్పే చాలన్నాడు. ఆట చురుకైంది. అయితే మధ్యవర్తి మీద ఇరుపక్షాలకూ నమ్మకం ఉంటేనే ఇది సాగుతుంది.

ఏం చేయాలి?

షరతు మార్చుకోవడం తప్పు కాదు. ఓడిపోయే వేళ కొత్త షరతు తేవడమే తప్పు. పావులు దించకముందే అన్నీ మాట్లాడుకోవాలి. తేలని సంగతి ఎవరు తీర్చాలో కూడా అనుకోవాలి. కొత్త షరతులు ఒక్కసారే నాలుగు పెట్టకుండా ఒక్కొక్కటే పెట్టి చూడాలి. ఒక ఆట పులులతో, ఒక ఆట మేకలతో పక్షాలు మార్చి ఆడితే ఆ షరతు ఎవరికి మేలు చేస్తున్నదో తెలిసిపోతుంది. పోటీలకు వెళ్లే పిల్లలకు మాత్రం ఇంటి పద్ధతీ, పోటీ పద్ధతీ రెండూ విడివిడిగా నేర్పడం మంచిది. అప్పుడు తాత నేర్పిన ఆటా నిలుస్తుంది, పిల్లలూ నష్టపోరు.