నడిసముద్రంలో ఎనిమిది నెలల కాపురం

ఒడ్డున నిలబడి చూసేవారికి సముద్రం ముచ్చటగానే ఉంటుంది. నెలల తరబడి దానిమీదే బ్రతకవలసినవారికి మాత్రం చెంబెడు మంచినీళ్ళు, కంటినిండా నిద్ర, ఇంటినుంచి ఒక పలకరింపు పెన్నిధితో సమానం. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 2017-18లో తెరచాప పడవపై భూగోళాన్ని చుట్టి వచ్చిన ఉదంతమే ఇందుకు తార్కాణం.

ఆ పడవ పేరు ‘తారిణి’. గోవాలో తయారయింది. పొడవు 56 అడుగులు. రెండు ఆర్.టి.సి. బస్సులను వెనుక వెనుకగా నిలిపితే అంతకన్నా పొడవే ఉంటాయి. వంట, పడక, మందులు, పనిముట్లు, నెలలకు సరిపడే సరుకులు అన్నీ అందులోనే సర్దుకోవాలి. పడవ నడకకు గాలివాటమే ఆధారం.

నాయకురాలు లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి. మిగిలినవారు ప్రతిభా జామ్వాల్, పి. స్వాతి, బి. ఐశ్వర్య, ఎస్. విజయాదేవి, పాయల్ గుప్తా. వీరిలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాదు కావడం తెలుగువారికి గర్వకారణం. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరిన ఈ బృందం 254 రోజుల తరువాత, 2018 మే 21న తిరిగి అక్కడికే చేరింది.

వంతులవారీ నిద్ర

పెద్ద యుద్ధనౌకలో వంటవారు వేరు, మరమ్మతు చేసేవారు వేరు. తారిణిలో అన్ని పనులూ ఆ ఆరుగురివే. రాత్రనక పగలనక ఎవరో ఒకరు మెలకువగా ఉండి గాలిని, కెరటాలను కనిపెట్టాలి. మిగిలినవారు వంతులవారీగా కునుకు తీయాలి. తెరచాప చిరిగితే కుట్టుకోవాలి, జ్వరం వస్తే ఒకరికొకరు మందిచ్చుకోవాలి. కాయగూరలు కొద్దిరోజులకే అయిపోతాయి. ఆపైన నిల్వ ఆహారమే గతి. చుట్టూ నీరే అయినా ఆ ఉప్పునీరు గొంతు తడపదు. కనుక మంచినీటిని బహు పొదుపుగా వాడుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైన మజిలీ న్యూజిలాండులోని లిటెల్టన్ నుంచి ఫాక్లాండ్ దీవులకు సాగిన ప్రయాణం. సుమారు 40 రోజులు నేల కనబడలేదు. ఎముకలు కొరికే చలి. రెండంతస్తుల మేడంత, అంటే 7 మీటర్ల ఎత్తు కెరటాలు. అంతటి సముద్రాన్ని దాటి 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొననున్న హార్న్ అగ్రాన్ని చుట్టి వచ్చారు.

పండుగ పూట పలకరింపు

దీపావళి నాటికి వారు ఆస్ట్రేలియా దారిలో నడిసముద్రంలో ఉన్నారు. పండుగ సందర్భంగా ప్రధాని నరేంద్ర మోదీ వీడియో ద్వారా వారితో మాట్లాడి శుభాకాంక్షలు చెప్పారు. ఒకప్పుడు ఓడ రేవు చేరితేగాని నావికులకు ఉత్తరం అందేది కాదు. ఇప్పుడు ఉపగ్రహం ద్వారా నడిసముద్రంలోనూ మాట వినబడుతున్నది. దూరాన ఉన్నవారికి ఇది కొండంత అండ.

ముందుగా అనుకున్న విశ్రాంతి మజిలీలు నాలుగు: ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండులో లిటెల్టన్, ఫాక్లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్. సరుకులు నింపుకోవడం, మరమ్మతులు, నేలమీద నాలుగు అడుగులు వేయడం అన్నీ ఆ రేవుల్లోనే.

మొరాయించిన చుక్కాని

తీరా ఇంటిదారి పట్టాక 2018 ఏప్రిల్‌లో చుక్కాని యంత్రం మొరాయించింది. చుక్కాని లేని పడవ కళ్ళెం లేని గుర్రమే కదా. అయినా అధైర్యపడక మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవుకు చేరుకున్నారు. అక్కడ బాగుచేయించుకుని మళ్ళీ బయలుదేరి క్షేమంగా గోవా చేరారు. బయలుదేరకముందు పొందిన శిక్షణ, 2016లో మరో పడవపై మారిషస్‌కు, కేప్‌టౌన్‌కు వెళ్ళివచ్చిన అనుభవం అక్కరకు వచ్చాయి.

ఇదే తారిణిపై 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అనే ఇద్దరు అధికారిణులు మాత్రమే బయలుదేరి, 2025 మే 29న తిరిగి వచ్చారు. ఇద్దరే అయినందున ఒకరు నిద్రపోతే రెండవవారు మేలుకొని ఉండవలసిందే.

తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలోనే ఉంది. ఆ ఓడలు కూడా నెలల తరబడి విదేశీ జలాల్లో తిరుగుతుంటాయి. నౌకాదళంలో చేరాలని ఉబలాటపడే మన పల్లెల యువతీ యువకులు తెల్లని దుస్తులను మాత్రమే చూడక, ఈ కష్టాన్ని కూడా ముందే తెలుసుకోవడం మేలు. పిల్లలను సముద్రానికి పంపిన తల్లిదండ్రులు కూడా ఫోను రాని రోజున బెంగపడక, వచ్చిన రోజున నాలుగు ధైర్యవచనాలు చెబితే, అక్కడ వారికి అదే పెద్ద సంక్షేమం.