ఒక్క ప్రాసెసర్‌తో లేచిందంటే...

కంప్యూటర్ ఆన్ చేశాక తెరమీద నాలుగు వరుసలు కదిలి ఆగిపోతే, నిజామాబాద్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా ముందు వినిపించే మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం’. డిస్కు తుడిచి మళ్లీ అదే లినక్స్ కెర్నల్ (వ్యవస్థ మూల ప్రోగ్రామ్) ఎక్కిస్తే చాలాసార్లు అక్కడే ఆగుతుంది, పైగా ఆనవాళ్లన్నీ పోతాయి. ‘ప్రాసెసర్ పోయి ఉంటుంది’ అన్నది రెండో తీర్పు. అదీ తొందరపాటే. 1996లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి లినక్స్ ఒకటికి మించిన ప్రాసెసర్లను వాడుకుంటోంది గానీ, ఎన్ని ఉన్నా బూటింగ్ మొదలుపెట్టేది ఒక్కటే. 1937లో పుట్టి 2015లో మూతపడిన బోధన్ నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీలోనూ ముందు బాయిలర్‌లో ఆవిరి లేస్తేనే తర్వాత మిల్లులు తిరిగేవి. మొదటి ప్రాసెసర్ మెమరీని సిద్ధం చేసుకుని, ఫర్మ్‌వేర్ ఇచ్చిన ఏసీపీఐ పట్టికలో ప్రాసెసర్ల జాబితా చూసి, మిగతావాటిని లేపుతుంది. రెండోది బొత్తిగా పలక్కపోతే లినక్స్ సాధారణంగా పది సెకన్లు చూసి, లేవలేదని రాసి, ముందుకే పోతుంది. కాబట్టి మొత్తం బిగుసుకుపోయిందంటే చచ్చిన ప్రాసెసర్ కన్నా, లేచి ఏదో లాక్ పట్టుకుని వదలని ప్రాసెసర్ మీదా, దారి తప్పిన ఇంటరప్టుల (పరికరాల పిలుపుల) మీదా అనుమానం ఎక్కువ.

ఈ రెంటినీ విడదీసే పరీక్ష ఖర్చులేనిది. బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో ‘ఇ’ నొక్కి, కెర్నల్ వరుసలో సందేశాలను దాచే ‘క్వైట్’ తీసేసి, చివర ‘మాక్స్‌సీపీయూస్=1’ చేర్చాలి. అప్పుడు ఒక్క ప్రాసెసరే నడుస్తుంది, కానీ పరికరాల ఇంటరప్టులను పంచే ఐఓ ఏపీఐసీ పనిచేస్తూనే ఉంటుంది. ‘నోఎస్ఎంపీ’ దాన్నీ ఆపేస్తుంది. ‘మాక్స్‌సీపీయూస్=1’తో ఆగి, ‘నోఎస్ఎంపీ’తో లేస్తే రెండో ప్రాసెసర్‌కు ఏ పాపమూ తెలియదు, రెండుసార్లూ దాన్ని లేపనేలేదు కదా. ఇంటరప్టుల దారినీ, ఫర్మ్‌వేర్ పట్టికలనూ చూడాలి. ‘మాక్స్‌సీపీయూస్=1’తోనే లేస్తే మాత్రం ప్రాసెసర్లను లేపే చోటో, లాకులో అనుమానించాలి.

తెరమీద చివరి వరుసే తప్పు చోటు చూపిస్తోందిగా అనొచ్చు. అది తెరదాకా చేరిన చివరి మాట మాత్రమే. ఆ సమయానికి వేరే ప్రాసెసర్ వేరే చోట ఇరుక్కుని ఉండొచ్చు. ఎక్కువ సందేశాలు రాయించబోతే ఆ ఆలస్యానికే ఒక్కోసారి జబ్బు మాయమవుతుంది, అదే జరిగితే రెండు ప్రాసెసర్ల మధ్య పోటీ ఉందన్న అనుమానం గట్టిపడుతుంది. పోనీ, ఒక్కదానితో నడుస్తోందిగా, వదిలేద్దామా? ఎనిమిది ప్రాసెసర్ కోర్లు కొని ఏడింటిని పడుకోబెట్టడం ఎవరికి లాభం? పాత కెర్నల్ లేచి కొత్తది లేవకుంటే, మధ్యలోని మార్పులను సగానికి సగం కోస్తూ పోవచ్చు. వెయ్యి మార్పులున్నా పదిసార్లు బూట్ చేస్తే దోషి చిక్కుతుంది. అప్పుడప్పుడే ఆగే యంత్రానికైతే ప్రతి మెట్టులోనూ పదేపదే బూట్ చేయాలి, ఒక్కసారి లేచిందని ‘బాగుంది’ అని గుర్తు పెడితే ఆ పైన వెతుకులాటంతా తప్పు సగంలోనే సాగుతుంది.