జన్యువును దిద్దే కత్తెర: ఎంతవరకు మంచిది?

"మా వంశంలో ఎవరికీ లేదే సిస్టర్, బిడ్డకెందుకొచ్చింది?" తలసీమియా అని తెలియగానే తల్లిదండ్రులు ముందుగా అడిగే ప్రశ్న ఇది. ఈ జబ్బు అంటుకునేది కాదు, దిష్టి వల్లా రాదు. జన్యువులో ఉన్న లోపం వల్ల వస్తుంది. జన్యువు అంటే మన కణాల్లో ఉండే రాత. అందులో ఒక్క అక్షరం తప్పినా రక్తం సరిగా తయారు కాకపోవచ్చు.

ఆ తప్పును దిద్దే దారి చూపినవారిలో ముఖ్యురాలు డాక్టర్ జెన్నిఫర్ డౌడ్నా. 1964లో అమెరికాలో పుట్టి, హవాయి దీవిలోని హీలో అనే ఊళ్లో పెరిగారు. ఆడపిల్లలు సైన్సు చదవరని బడిలో చెప్పినా ఆమె వినలేదు. బాక్టీరియా తనమీద దాడిచేసే వైరస్‌ను గుర్తుపట్టి కత్తిరించేస్తుంది. ఆ కత్తెరతో మనం కోరినచోట జన్యువును కత్తిరించవచ్చని ఆమె, ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఎమ్మాన్యుయెల్ షార్పెంటియర్ కలిసి 2012లో చూపించారు. దాని పేరు క్రిస్పర్. 2020లో వీరిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

రోగులకు మేలు

సికిల్ సెల్, తలసీమియా జబ్బులకు ఈ పద్ధతిలో చికిత్స వచ్చింది. రోగి మూలకణాలను బయటికి తీసి, సరిదిద్ది, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. 2023లో బ్రిటన్, అమెరికా దేశాలు దీనికి అనుమతి ఇచ్చాయి. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు! మన్యంలో సికిల్ సెల్‌తో బాధపడే గిరిజన బిడ్డకు అది అందేదెలా? తక్కువ ఖర్చులో మన దేశంలోనే చికిత్స తయారు చేయాలని ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. శాస్త్రవేత్తలు కృషి చేస్తున్నారు.

హద్దు ఎక్కడ?

ఈ కత్తెర మన పొలం దాకా వచ్చింది. బాపట్లలో పుట్టిన సాంబమసూరిని హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థవారు ఇలాగే దిద్ది, "కమల" అనే రకాన్ని తయారుచేశారు. 2025 మే నెలలో దాన్ని ప్రకటించారు. వరి వంగడం బాగాలేకపోతే మరుసటి ఏడు వేయడం మానుకోవచ్చు. పుట్టిన బిడ్డను అలా మానుకోగలమా?

రోగి రక్తకణాలను దిద్దితే ఆ మార్పు ఆ మనిషితోనే ఆగిపోతుంది. పిండాన్ని దిద్దితే బిడ్డకూ, ఆ బిడ్డ బిడ్డలకూ పోతుంది. అందుకే, తొందరపడవద్దని 2015లోనే డౌడ్నా తోటి శాస్త్రవేత్తలను కూడగట్టి హెచ్చరించారు. అయినా 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త, హెచ్.ఐ.వి. సోకకుండా చేస్తానని, పిండాలను దిద్ది కవల ఆడపిల్లలను పుట్టించాడు. హెచ్.ఐ.వి. బిడ్డకు రాకుండా కాపాడే మార్గాలు అప్పటికే ఉన్నాయి. 2019లో అక్కడి కోర్టు అతనికి మూడేళ్ల జైలు శిక్ష వేసింది. మన దేశ నిబంధనలు కూడా ఇలాంటి పనిని నిషేధించాయి.

మనకు ఇది దూరపు సంగతి కాదు. స్కానింగు మిషను గర్భిణుల మేలు కోసమే వచ్చింది. దానితో ఆడపిల్లలను ఏరివేయడం మొదలైతే 1994లో చట్టం చేయవలసి వచ్చింది. రేపు ఈ కత్తెరతో రంగును, ఎత్తును ఏరుకోమని ఎవరైనా ఆశపెడితే మనం ఏమంటాం? జబ్బు తగ్గించడం వేరు, బిడ్డను బేరమాడి ఎంచుకోవడం వేరు.

మీరు ఈరోజే చేయగలిగింది

* మేనరికం కుదుర్చుకునే ముందు డాక్టరును సంప్రదించండి.
* పెళ్లికి ముందు ఇద్దరూ తలసీమియా, సికిల్ సెల్ రక్తపరీక్షలు చేయించుకోండి. ఇద్దరిలోనూ లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం.
* ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే, మళ్లీ గర్భం దాల్చకముందే హైదరాబాదు నిమ్స్‌లో గానీ, వేలూరు సి.ఎం.సి.లో గానీ జన్యు సలహా తీసుకోండి.
* జన్యువులు మారుస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి.

ఇంకొక మాట. లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బులు వస్తాయి. కోడలిని మాత్రమే నిందించడం అన్యాయం. పరీక్షకు వచ్చేటప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసి రండి.