చెవి కొలతకు ఇయర్‌ఫోన్లు

కస్టమ్ ఇన్-ఇయర్ అంటే ఒక మనిషి చెవి అచ్చు తీసి, ఆ ఆకారంలోనే షెల్ తయారుచేసి, అందులో బుల్లి స్పీకర్లు అమర్చిన ఇయర్‌ఫోన్లు. మామూలు ఇయర్‌ఫోన్లతో రెండు మూడు సైజుల రబ్బరు టిప్పులు వస్తాయి, వాటిలో పట్టినవి తొడుక్కోవడమే. వీటికి ఆ వెసులుబాటు లేదు. ఒకరివి మరొకరికి పట్టవు. ఒకే మనిషికైనా రెండు చెవుల నాళాలూ ఒక్కలా ఉండవు కనుక రెండింటికీ విడివిడిగా అచ్చు తీయాల్సిందే.

వీటికి గిరాకీ తెచ్చింది రాక్ సంగీత వేదిక. ఒకప్పుడు గాయకులూ వాద్యకారులూ తమ పాటను తాము వినడానికి కాళ్ల ముందు నేలమీద పెట్టిన స్పీకర్లనే నమ్ముకునేవారు. డ్రమ్ముల హోరులో అవి వినపడాలంటే శబ్దం పెంచాలి. ఒకరు పెంచితే పక్కవారికి తమది వినపడదు, వారూ పెంచమంటారు. ఈ పోటీలో నష్టపోయేది అందరి చెవులూ. 1995లో వాన్ హేలెన్ బృందం సౌండ్ ఇంజనీరు జెర్రీ హార్వీ, డ్రమ్మరు అలెక్స్ వాన్ హేలెన్ కోసం చెవిలో ఇమిడే మానిటర్లు తయారుచేశాడు. అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ అలా మొదలైంది. 2008లో దాన్ని లాజిటెక్ కొనేసింది. ఈ రోజు సినిమా పాటల లైవ్ షోల్లో మన గాయకుల చెవుల్లో కనిపించేవీ ఈ జాతి మానిటర్లే.

వీటిలో విరివిగా వాడే బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ స్పీకర్లు వినికిడి యంత్రాల రంగం నుంచి వచ్చాయి. అచ్చు తీసే పద్ధతీ అక్కడిదే. అందుకే కొనుగోలులో మొదటి మెట్టు ఆడియో షాపు కాదు, వినికిడి నిపుణులైన ఆడియాలజిస్ట్ గది.

కొనేవాళ్లు డబ్బు పెడుతున్నది ముందుగా బిగుతుకు, ఆ తర్వాతే ధ్వనికి. చెవి నాళం పూర్తిగా మూసుకుంటేనే బేస్ నిలుస్తుంది. వెంట్రుకవాసి సందున్నా కింది స్థాయి శబ్దాలు జారిపోయి పాట పలచబడుతుంది. ఇయర్‌ఫోన్లలో బేస్ లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ సందే, స్పీకరు తప్పేమీ ఉండదు. రెండో లాభం బయటి రొద తగ్గడం. ఈ తగ్గుదల 26 డెసిబెళ్ల దాకా ఉంటుందని పేరున్న తయారీదారులు చెబుతారు. రొద తగ్గితే వాల్యూమ్ తక్కువలోనే పాట స్పష్టంగా వినిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెళ్ల ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. అదే 90కి చేరితే ఆ గడువు 4 గంటలకు పడిపోతుంది. అయితే చెవి మూసుకున్నంత మాత్రాన రక్షణ దొరకదు. వాల్యూమ్ పాత అలవాటు చొప్పునే పెట్టుకుంటే ఎంత ఖరీదైన షెల్ అయినా చెవిని కాపాడలేదు.

ఈ లెక్కన కస్టమ్ అవసరం అందరికీ ఉండదు. వేదిక మీద పనిచేసేవారికి, గంటల తరబడి తీయకుండా పెట్టుకునేవారికి, చెవి నాళం మరీ సన్నగా ఉండి లేదా వంపు తిరిగి ఏ టిప్పూ నిలవనివారికి ఇవి నిజంగా పనికొస్తాయి. మంచి ఫోమ్ టిప్పు చక్కగా కూర్చునే చెవికి మాత్రం రొద విషయంలో దొరికే అదనపు లాభం స్వల్పమే. రోడ్డు మీద నడిచేటప్పుడో, బండి నడిపేటప్పుడో పెట్టుకోవడానికైతే ఇవి అసలు తగవు. వెనకనుంచి వచ్చే హారన్ వినపడదు. నడిమి దారి ఒకటుంది. ఇప్పటికే ఉన్న ఇయర్‌ఫోన్లకు చెవి అచ్చుతో టిప్పులు మాత్రమే చేయించుకోవడం. ఖర్చు చాలా తక్కువ, ఇయర్‌ఫోన్లు మార్చినా కొన్ని సందర్భాల్లో అవే టిప్పులు పనికొస్తాయి.

మొత్తం వ్యవహారంలో కీలకం అచ్చు తీయడం. చెవి నాళం పెద్దల్లో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. బయటి మూడోవంతు మృదులాస్థి, లోపలిది ఎముక. దారిలో రెండు వంపులు ఉంటాయి. ఆడియాలజిస్ట్ ముందుగా దీపంతో లోపలికి చూస్తారు. గులిమి పేరుకుని ఉన్నా, కర్ణభేరికి చిల్లున్నా, చీము కారుతున్నా అచ్చు తీయకూడదు. ఆపరేషన్ జరిగిన చెవి అయితే ముందు ఈఎన్‌టీ డాక్టరును అడగాలి. అంతా బాగుంటే దారం కట్టిన చిన్న దూది లేదా ఫోమ్ ముక్కను లోపలికి నెట్టి, కర్ణభేరి వైపు అచ్చు ముద్ద పోకుండా అడ్డు పెడతారు. తర్వాత కలిపిన సిలికోన్ ముద్దను సిరంజితో నింపుతారు. అయిదారు నిమిషాల్లో అది గట్టిపడుతుంది, మెల్లగా బయటికి లాగుతారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. వినికిడి యంత్రానికి పొట్టి అచ్చు సరిపోతుంది. రోజూ ఆ పనే చేసే క్లినిక్‌లో ఏమీ చెప్పకపోతే అలాగే తీసి ఇస్తారు. సంగీతం మానిటర్లకు రెండో వంపు దాటి లోతుగా రావాలి. లోతు చాలకపోతే బిగుతు తగ్గుతుంది, పాడేటప్పుడు సొంత గొంతు తలలో మారుమోగుతుంది. నోరు తెరిచినప్పుడు దవడ కదిలి నాళం ఆకారం మారుతుంది. కనుక చాలా కంపెనీలు పళ్ల మధ్య చిన్న దిమ్మె పెట్టి, నోరు తెరిచి ఉంచి అచ్చు తీయమంటాయి. గాయకులకు ఇది మరీ ముఖ్యం. కంపెనీ ఇచ్చే సూచనల కాగితాన్ని క్లినిక్‌కు వెంట తీసుకుపోవడం మేలు. మనదేశంలో ఆడియాలజిస్టులకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉంటుంది, అది ఉన్నదీ లేనిదీ అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఇంట్లో సొంతంగా తీసుకునే కిట్లు దొరుకుతాయి కానీ వాటి జోలికి పోకపోవడమే మంచిది. అడ్డు సరిగా పడకపోతే సిలికోన్ లోపలికి వెళ్లి ఇరుక్కుంటుంది.

అచ్చు కంపెనీకి చేరాక దాన్ని స్కాన్ చేసి, రెజిన్‌తో షెల్ ముద్రించడం ఇప్పుడు మామూలైంది. షెల్ ఎక్కువగా గట్టి ఆక్రిలిక్. మరమ్మతు తేలిక, తుడవడం తేలిక. మెత్తటి సిలికోన్ షెల్ నోటి కదలికకు సర్దుకుంటుంది, కానీ దాన్ని విప్పి బాగుచేయడం కష్టం. కొత్త చెప్పు కరిచినట్టే కొత్త ఆక్రిలిక్ కూడా చెవిలో ఒకచోట నొక్కవచ్చు. తేడా ఏమిటంటే చెప్పు వాడగా వాడగా సాగుతుంది, ఆక్రిలిక్ సాగదు. కొన్నాళ్లు చూస్తే అదే సర్దుకుంటుందని ఊరుకోకుండా, కంపెనీ ఇచ్చే ఉచిత సవరణ గడువులోపే వెనక్కి పంపాలి. చాలాచోట్ల ఆ గడువు సుమారు 30 రోజులు.

ఇక లోపలి స్పీకర్ల సంఖ్య. అయిదు, ఎనిమిది, పన్నెండు అని ప్రకటనల్లో గొప్పగా వేస్తారు. స్పీకర్లు పెరిగినకొద్దీ వాటి మధ్య ధ్వనిని పంచే పని క్లిష్టమవుతుందే తప్ప నాణ్యత దానంతటదే పెరగదు. ధర కూడా నమ్మదగిన కొలత కాదు. జెరోన్ బ్రెబార్ట్ 283 హెడ్‌ఫోన్లను కొలిచి 2017లో వెలువరించిన పరిశోధనలో, వాటి ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ అమ్మకం ధరకూ సంబంధం కనిపించలేదు. చెవులతో విని తేల్చుకోవాల్సిందే. చాలా కంపెనీలు అదే మోడల్‌ను మామూలు టిప్పులతో డెమోగా ఉంచుతాయి. బాగా తెలిసిన నాలుగు పాటలు, అందులో ఒకటి ఒంటి గొంతుది, దానిలో విని చూడాలి. కస్టమ్‌లో లోతు వేరు కాబట్టి బేస్, హై శబ్దాలు కొంచెం మారతాయి, మొత్తం తీరు మాత్రం తెలిసిపోతుంది. విననిదానికి పదుల వేలు, ఒక్కోసారి లక్ష పైన పోయడం జూదమే. నచ్చకపోతే మరొకరికి అమ్ముదామన్నా, కొన్నవారి చెవికి పట్టదు.

ఆర్డరు ఇచ్చేముందు కేబుల్ విడిగా ఊడివస్తుందా అని చూడాలి, ముందుగా తెగేది అదే. ఫోనుకు 3.5 మిల్లీమీటర్ల జాక్ లేకపోతే డాంగిల్ కావాలి. సున్నితమైన బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ మోడళ్లలో నాసిరకం డాంగిల్ బుస కొడుతుంది. వాడాక గొట్టాల కొసలో చేరిన గులిమిని కంపెనీ ఇచ్చే లూప్‌తో తీసి, పొడిబట్టతో తుడిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంత ఊళ్లలో ఆ జెల్ తప్పనిసరి. ఏళ్లు గడిచేకొద్దీ, బరువు పెరిగినా తగ్గినా చెవి ఆకారం కొద్దిగా మారి పట్టు సడలవచ్చు. స్పీకర్లు బాగుంటే కొత్త అచ్చుతో షెల్ మాత్రమే మార్చి ఇస్తారు. పిల్లల చెవులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి కాబట్టి వారికి చేయించినవి కొద్ది కాలానికే వదులవుతాయి.