ఇల్లు చేరినా ఇంకా దారిలోనే...

సికింద్రాబాద్‌లో రైలు దిగి, జూబ్లీ బస్‌స్టేషన్‌లో సిద్దిపేట బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో నారాయణరావుపేట చేరే ఒక జవానును ఊహించుకోండి. ఏడాది తర్వాత సెలవు దొరికింది. నల్ల ట్రంకుపెట్టె దించకముందే ఇల్లంతా చుట్టాలతో నిండిపోయింది. తల్లి కన్నీళ్లతో స్తోత్రం చెల్లించింది. కోడి కూర వండారు. రాత్రి పొద్దుపోయాక అందరూ నిద్రపోయారు, అతను తప్ప. కుక్క మొరిగితే లేచి కూర్చున్నాడు. గేటు దాకా వెళ్లి చూసి వచ్చాడు. తల్లికి మెలకువ వచ్చింది. ‘ఏమైంది బిడ్డా, నిద్ర పడతలేదా?’ అంటే ‘ఏం లేదమ్మా, నువ్వు పండుకో’ అన్నాడు. ఆ ‘ఏం లేదు’ వెనుక ఎంతో ఉంది. అతని శరీరం ఇల్లు చేరింది కానీ మనసు ఇంకా దారిలోనే ఉంది.

సైనికుల కోసం మనం ప్రతి ఆదివారం ప్రార్థిస్తాం. సరిహద్దులో వారిని కాపాడమని దేవుణ్ణి వేడుకుంటాం. క్షేమంగా తిరిగొచ్చాక మాత్రం మన ప్రార్థన నెరవేరిపోయిందనుకుని ఊరుకుంటాం. నిజానికి సైనికుడి ఇంట్లో ఒక కష్టమైన అధ్యాయం అక్కడే మొదలవుతుంది.

ఈ సంగతి బైబిలుకు కొత్త కాదు. మిద్యానీయులతో యుద్ధం చేసి తిరిగొచ్చిన ఇశ్రాయేలీయుల సేనను మోషే నేరుగా గుడారాల్లోకి రానివ్వలేదు. ఏడు దినాలు పాళెం వెలుపలే ఉండి, తమను తాము శుద్ధి చేసుకుని, బట్టలు ఉతుక్కుని ఆ తర్వాత లోపలికి రమ్మన్నాడు. సంఖ్యాకాండము 31వ అధ్యాయంలో ఈ విషయముంది. అది ధర్మశాస్త్రం చెప్పిన శుద్ధీకరణ. అయినా అందులో మనం నేర్చుకోదగిన సంగతి ఒకటుంది. కత్తి దించిన చేతితో ఆ సాయంత్రమే బిడ్డను ఎత్తుకోవడం ఎవరికీ తేలిక కాదు. యుద్ధానికీ ఇంటికీ మధ్య కొంత ఎడం కావాలి. ఆ రోజుల్లో సైనికులు కాలినడకన వారాల తరబడి ఇంటికి వచ్చేవారు. నేటి జవాను మంచుకొండల్లోని శిబిరం వదిలిన కొద్ది రోజులకే సొంత పొలం గట్టు మీద నిలబడుతున్నాడు. ఆ ఏడు దినాలు ఇప్పుడెవరిస్తారు?

ఊరియా సంగతీ గుర్తు చేసుకుందాం. రబ్బా ముట్టడి నుంచి దావీదు అతణ్ణి యెరూషలేముకు పిలిపించాడు. రాజు మనసులో పాపముంది, అది వేరే కథ. ఇంటికి వెళ్లమని రాజే చెప్పినా ఊరియా వెళ్లలేదు. రాజనగరు ద్వారం దగ్గర సేవకుల మధ్య పడుకున్నాడు. తోటివారు బయలులో గుడారాల్లో ఉంటే తాను ఇంట్లో తిని తాగి సుఖపడటం ఎలాగన్నదే అతని ప్రశ్న. అది అతని విధేయత. నేటి జవాన్ల మనసుల్లోనూ అదే ప్రశ్న తిరుగుతుంటుంది. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచుచరియల కింద చిక్కి మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమంది చనిపోయారు. వారిలో కర్నూలు జిల్లా జవాను కూడా ఉన్నాడు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది అమరులయ్యారు. వారి పేర్లు మనం మరచిపోలేదు. మరి ఆ రాత్రి వారి పక్కనే ఉండి ప్రాణాలతో తిరిగొచ్చినవారి మాటేమిటి? ‘వాడు పోయాడు, నేనెందుకు మిగిలాను?’ అని కుమిలిపోయే మనిషికి దండ వేసి చప్పట్లు కొడితే ఆ భారం దిగదు.

జవాన్లంతా రోగులని మా ఉద్దేశం కాదు. చాలామంది కొన్ని వారాల్లో ఇంటికి అలవాటు పడతారు. కొందరిని మాత్రం పీడకలలు వదలవు. చిన్న శబ్దానికే ఉలిక్కిపడతారు. పెళ్లి ఊరేగింపులో, క్రిస్మస్ రాత్రి కాల్చే టపాకాయలకు చెమటలు పడతాయి. కారణం లేకుండా కోపం వస్తుంది, లేదా ఏ భావమూ లేనట్టు మౌనంగా ఉండిపోతారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915లో, చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు ఈ స్థితిని ‘షెల్ షాక్’ అనే మాటతో వైద్య పత్రికలో వివరించాడు. ఆ రోజుల్లో చాలామంది దీన్ని పిరికితనమనే అనుకున్నారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని ‘పీటీఎస్‌డీ’ పేరుతో వ్యాధుల జాబితాలో చేర్చింది. ఈ లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే వైద్యుణ్ణి కలవాలి. ఇది విశ్వాసలోపం కాదు, దయ్యమూ కాదు. విరిగిన కాలికి కట్టు కట్టించుకున్నట్టే దీనికీ చికిత్స ఉంది.

ఇక ఇంట్లో ఉన్నవారి సంగతి. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. మిగతా తొమ్మిది నెలలు ఇల్లు నడిపేది భార్యే. పిల్లల ఫీజులు, అత్తమామల మందులు, వడ్ల అమ్మకం, బ్యాంకు పనులు అన్నీ ఆమే చూసుకుంటుంది. అతను వచ్చి ‘ఇదెందుకు ఇక్కడ పెట్టారు, అదెవరినడిగి చేశారు’ అని శిబిరంలో మాట్లాడినట్టు మాట్లాడితే ఆమెకు నొప్పి కలుగుతుంది. ఆమె తనను అడగకుండానే అన్నీ చేసేస్తుంటే తాను ఈ ఇంటికి అక్కర్లేదేమోనని అతనికి అనిపిస్తుంది. చిన్న బిడ్డ నాన్నను చూసి అమ్మ కొంగు చాటున దాక్కుంటే, ఆ గాయం ఎవరికీ చెప్పుకోలేడు. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. విడిగా ఉన్న ఆ నెలల్లో ఇద్దరూ మారారు.

ఇక్కడ మనకు దారి చూపేది సిక్లగు కథ. దావీదూ అతని మనుషులూ మూడో నాటికి ఇల్లు చేరేసరికి ఊరు తగలబడి ఉంది. భార్యాపిల్లలు చెరపట్టబడ్డారు. ఆ వీరులు ఏడ్చే శక్తి కూడా లేనంతగా ఏడ్చారని 1 సమూయేలు 30వ అధ్యాయం చెబుతోంది. ఏడ్వడం మగతనానికి తక్కువ కాదు. ఆ దుఃఖమే కోపంగా మారి దావీదును రాళ్లతో కొట్టాలన్నారు. ఇంట్లో అరిచే జవాను కోపం వెనుక కూడా చాలాసార్లు బయటికి రాని దుఃఖమే ఉంటుంది. తర్వాత వారు శత్రువును తరిమి అందరినీ విడిపించుకున్నారు. బెసోరు వాగు దగ్గర అలసి ఆగిపోయి సామాను కాచిన రెండు వందల మందికి వాటా ఇవ్వొద్దని కొందరు వాదించారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్లినవాడికీ, సామాను కాచినవాడికీ సమాన భాగమని కట్టడ చేశాడు. జవాను ఇంట్లో సామాను కాచింది ఎవరు? అతని భార్య, అతని తల్లి. పతకం అతని ఛాతీ మీద ఉన్నా, గౌరవంలో వారికీ సమాన భాగముంది. ఈ మాట జవాను తన నోటితో భార్యకు చెబితే ఆ ఇంట్లో సగం గొడవలు సద్దుమణుగుతాయి.

మరి సంఘంగా మనమేం చేయాలి? వచ్చిన మొదటి ఆదివారమే మైకు చేతికిచ్చి సాక్ష్యం చెప్పమని ఒత్తిడి చేయొద్దు. ‘ఎంతమందిని కాల్చావన్నా?’ అని కుర్రాళ్లు అడిగితే పెద్దలు వారించాలి. ‘మిలిటరీ మందు తెచ్చావా?’ అని అడిగే చుట్టాలు ఎలాగూ ఉంటారు. నిద్రపట్టనివాడికి ఆ సీసా ఎంత ప్రమాదమో వారికి తెలియదు. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు మొదట గద్దించలేదు. దూత చేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. ప్రశ్న తర్వాత వచ్చింది. మనమూ ఆ వరుసే పాటిద్దాం. పక్కన కూర్చుందాం, పొలానికి తోడు వెళదాం. అతను మాట్లాడినప్పుడు విందాం, విన్నది ఊరంతా చాటకుండా ఉందాం.

అవసరమైతే సాయం తీసుకోవడానికి సిగ్గుపడొద్దు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు. సర్వీసులో ఉన్నవారికి సికింద్రాబాద్ తిరుమలగిరిలో మిలిటరీ ఆసుపత్రి ఉంది. పింఛను పొందే మాజీ సైనికులకు 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ వైద్య పథకం ఉంది. పైగా 2022లో వచ్చిన అగ్నిపథ్ వల్ల ఇరవై ఒకటి, పాతికేళ్లకే ఇంటికి తిరిగొచ్చే యువకులు మన పల్లెల్లో ఉండబోతున్నారు. నాలుగేళ్ల తర్వాత సైన్యంలో కొనసాగేది నూటికి 25 మందికి మించదని ఆ పథకం ప్రకటించినప్పుడే చెప్పారు. వారికి ఉద్యోగం ఎంత అవసరమో, ఆదరించే సంఘం కూడా అంతే అవసరం.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం కొత్తగా పెళ్లయినవాణ్ణి ఏడాది పాటు సేనలోకి పంపొద్దని, ఇంట్లో ఉండి భార్యను సంతోషపెట్టాలని ఆదేశించింది. సైనికుడి సంసారం గురించి ఇంత శ్రద్ధ చూపిన దేవుడు, మన సంఘంలోని ఆ నిద్రలేని మనిషి గురించి మనల్ని అడగడా? ఈ వారం మన చర్చిలో ఏ ఇంటికి జవాను సెలవు మీద వచ్చాడో కనుక్కుందాం. ఊరికే పలకరించి, ఒక కప్పు టీ తాగి వద్దాం. ఏడు దినాలు కాకపోతే డెబ్బై దినాలు పట్టనీయండి. అతని మనసు కూడా ఇల్లు చేరేదాకా తలుపు తెరిచి ఉంచుదాం.