ప్రభుత్వ వ్యవసాయ సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో ఎజైల్ విధానం: ఇంగ్లండు అనుభవ పరిశీలన

రైతులకు నేరుగా నగదు చెల్లించే పథకాలు నేడు కంప్యూటర్ వ్యవస్థలపై ఆధారపడి ఉన్నాయి. ఇటువంటి వ్యవస్థల నిర్మాణానికి ప్రభుత్వాలు చాలాకాలం జలపాత పద్ధతినే అనుసరించాయి. అనగా అవసరాలన్నీ ముందే వ్రాసి, టెండరు పిలిచి, కొన్ని సంవత్సరాల తరువాత వ్యవస్థను ఒకేసారి విడుదల చేయడం. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది నిపుణులు ప్రకటించిన ఎజైల్ సూత్రాలు ఇందుకు భిన్నమైనవి. ఈ విధానంలో పనిని కొద్ది వారాల విడతలుగా విభజించి, ప్రతి విడత చివర పనిచేసే భాగాన్ని వినియోగదారులకు ఇచ్చి, వారి అనుభవాన్ని బట్టి తరువాతి పనిని నిర్ణయిస్తారు. నూతన వంగడాన్ని విడుదలకు ముందు చిరుసంచుల ద్వారా రైతుల పొలాల్లో పరీక్షించడం మన శాస్త్రవేత్తలకు కొత్త కాదు. ఆలోచన దాదాపు అదే.

ఇంగ్లండులో 2005లో ప్రవేశపెట్టిన ఏకచెల్లింపు పథకంలో 2006 మార్చి చివరి నాటికి చెల్లించవలసిన మొత్తంలో సుమారు 15 శాతం మాత్రమే రైతులకు చేరింది. ఈ అనుభవం దృష్ట్యా 2015లో ఆరంభం కానున్న ప్రాథమిక చెల్లింపు పథకానికి ఎజైల్ విధానం ఎంచుకోబడింది. ఈ ఎంపికకు తగిన కారణం ఉంది. ఐరోపా సమాఖ్య మూల నిబంధనలు 2013 డిసెంబరులో గాని ఖరారు కాలేదు. మారే నిబంధనలకు ముందుగానే పూర్తి నమూనా గీయడం సాధ్యం కాదు.

అయినను ఫలితం ఆశించిన విధంగా లేదు. రైతు తన భూమి పటాన్ని తెరపై చూచి, పొలం హద్దులను, కంచెలను సరిదిద్దవలసిన భాగమే అన్నిటికన్నా క్లిష్టమైనది. అదే విఫలమైంది. దరఖాస్తు గడువు మే 15 కాగా, మార్చిలో ఆ ఆన్‌లైన్ భాగాన్ని ఉపసంహరించి కాగితపు దరఖాస్తులు స్వీకరించారు. గడువు జూన్ 15 వరకు పొడిగించబడింది. కార్యక్రమ వ్యయం 15.5 కోట్ల పౌండ్ల నుండి 21.5 కోట్లకు పెరిగినట్లు ఆ దేశ జాతీయ ఆడిట్ కార్యాలయం నివేదించింది. చెల్లింపులు ఆరంభమైన డిసెంబరు 1న 38 శాతం రైతులకే సొమ్ము అందింది. డిసెంబరు రాబడిని నమ్ముకొని దాణాకు, కౌలుకు అప్పు చేసిన రైతుకు ఈ ఆలస్యం సాంకేతిక విషయం కాదు.

లోపం ఎజైల్ విధానానిదే అనడం తొందరపాటు. విడతల పద్ధతి సాఫ్ట్‌వేర్ బృందానికి పరిమితమై, నిర్ణయాధికారం పాత పద్ధతిలోనే పలు సంస్థల మధ్య చీలిపోయింది. ఉన్నతాధికారుల మధ్య విభేదాలను పార్లమెంటు ప్రభుత్వ లెక్కల సంఘం 2016లో తీవ్రంగా విమర్శించింది. ఇక చట్టబద్ధమైన గడువు విడతలుగా రాదు. ఆ తేదీ నాటికి రైతులందరి దరఖాస్తులూ అందవలసిందే. కనుక తేలికైన నమోదు పుటలతో ఆరంభించి కష్టమైన భాగాన్ని తరువాతకు వదలడం ఇటువంటి పథకాలలో ప్రమాదకరమని వ్యాసకర్త అభిప్రాయం.

ఆంధ్రప్రదేశ్‌లోని ఈ-పంట నమోదు కూడా సర్వే నంబరు, సాగుదారు, పైరు అనే మూడింటి కలయికపై నడుస్తుంది. ఇక్కడ క్లిష్టమైన భాగం కౌలుదారు సాగుచేసే, రికార్డులో మరొకరి పేరున్న కమతం. ఏ కొత్త వ్యవస్థకైనా తొలి విడత పరీక్ష అటువంటి కమతాలు ఎక్కువగా ఉండి, సిగ్నల్ సరిగా అందని గ్రామంలో జరగాలి. విధాన నిర్ణయం తీసుకొనగల అధికారి ఆ బృందంలోనే ఉండాలి. కాగితపు దరఖాస్తు మార్గాన్ని ముందే సిద్ధం చేసి ఉంచాలి.