వెనక్కి వెళ్లే కారు: కెమెరా చూపేది ఎంత, చూపనిది ఎంత?

తెనాలి బోస్ రోడ్డులో దుకాణం ముందు ఆపిన కారును మళ్లీ రోడ్డెక్కించాలన్నా, బాపట్ల రథం బజారులో బండి తిప్పుకోవాలన్నా, రేపల్లె వైపు కాలువ కట్ట మీద ఎదురొచ్చిన ట్రాక్టరుకు దారి ఇవ్వాలన్నా రివర్స్ గేరు వేయక తప్పదు. ఇప్పుడు కొత్త కార్లలో చాలావాటికి వెనక కెమెరా ఉంటోంది. లేనివాళ్లు బయట పెట్టించుకుంటున్నారు. అది మంచి పనే. అయితే తెర మీద బొమ్మ కనబడగానే వెనక ఉన్నదంతా చూసేశామన్న ధీమా వస్తుంది. ఆ ధీమా ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుందో కారు నడిపే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

మూడు అద్దాలు ఉండగా కెమెరా ఎందుకు?

లోపలి అద్దంలో కనిపించేది వెనక గాజులోంచి వచ్చినంత మేరే. ఆ గాజు కింది అంచు చాలా కార్లలో నేల నుంచి మీటరు ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. ఎత్తు బండ్లలో ఇంకా పైన ఉంటుంది. రెండేళ్ల పిల్లల ఎత్తు సుమారు 85 సెంటీమీటర్లు. బంపరు వెనక నిలబడిన పసివాడి తల కూడా ఆ అద్దంలో పడదు. పక్క అద్దాలు కారు పక్కల్ని చూపిస్తాయి గానీ సరిగ్గా డిక్కీ వెనక ఏముందో చూపించవు. మెడ తిప్పి చూసినా అడ్డు వచ్చేది ఆ గాజు అంచే. ఎంత అనుభవం ఉన్న డ్రైవరుకైనా ఈ చోటు కనబడదు. కెమెరా నంబరు ప్లేటు దగ్గర కూర్చుని కిందికి చూస్తుంది కాబట్టి సరిగ్గా ఆ చోటునే చూపిస్తుంది. అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ కొలిచి చూస్తే, కెమెరా వల్ల వెనక కనబడని మేర సగటున 90 శాతం తగ్గిందని తేలింది.

అమెరికాలో దీన్ని చట్టం దాకా తీసుకెళ్లింది ఒక పసివాడి మరణం. 2002లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పిల్లల డాక్టరు తన ఇంటి దగ్గర కారు వెనక్కి తీస్తుంటే, రెండేళ్ల సొంత కొడుకే దాని కింద పడి చనిపోయాడు. ఆ పిల్లవాడు కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ పేరు మీద 2008లో చట్టం వచ్చింది. 2018 మే 1 నుంచి అక్కడ అమ్మకానికి తయారయ్యే ప్రతి కొత్త కారుకూ వెనక దృశ్యం చూపే ఏర్పాటు తప్పనిసరి. బంపరు వెనక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు మేర కనబడాలి. గేరు వేసిన 2 సెకన్లలో బొమ్మ రావాలి. ఆ నిబంధన తెచ్చే నాటికి అక్కడ వెనక్కి వచ్చే వాహనాల కింద ఏడాదికి సుమారు 210 మంది చనిపోతున్నారని ప్రభుత్వం లెక్కగట్టింది. వాళ్లలో మూడో వంతు దాకా ఐదేళ్లలోపు పిల్లలే.

మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు వెనక సెన్సర్లు తప్పనిసరి చేశారు. కెమెరాను మాత్రం చేయలేదు. అందుకే సెన్సర్ ఉండి కెమెరా లేని కార్లు మన వీధుల్లో చాలానే కనిపిస్తాయి.

తెర మీద బొమ్మ ఎలా వస్తుంది? దూరం ఎందుకు తేడాగా అనిపిస్తుంది?

రివర్స్ గేరు వేయగానే వెనక లైటు వెలుగుతుంది. గేరు వేసిన ఆ సంకేతంతోనే కెమెరా బొమ్మ తెర మీదికి వస్తుంది. కెమెరా వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి, తీసింది తీసినట్టు చూపిస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే బొమ్మను అద్దంలోలా తిప్పి చూపిస్తారు. తెరలో కుడివైపు కనిపించే స్కూటరు నిజంగానే మీ కుడివైపున ఉంటుంది.

చిన్న కెమెరాతో ఎక్కువ వెడల్పు చూపించడానికి బాగా ఉబ్బెత్తు లెన్సు వాడతారు. ఇంటి తలుపుకు బిగించే చిన్న గాజు కన్నంలోంచి బయటివాళ్లను చూసినట్టే ఉంటుంది: అన్నీ కనిపిస్తాయి, కానీ అసలు దూరం కంటే దూరంగా, చిన్నగా కనిపిస్తాయి. తెర చూసి ‘ఇంకా చాలా చోటుంది’ అనుకున్నాక బంపరు గోడకు తగలడం అందుకే జరుగుతుంది.

ఆకుపచ్చ, పసుపు, ఎర్ర గీతల్ని ఎంతవరకు నమ్మాలి?

ఆ గీతలు నేల చదునుగా ఉందన్న లెక్క మీద గీసినవి. కాబట్టి నేల మీద ఉన్న వస్తువు అడుగుభాగానికే అవి సరిపోతాయి. పైకి పొడుచుకు వచ్చినవాటికి సరిపోవు. వెనక ఎండుగడ్డి ట్రాక్టరు ఆగి ఉందనుకోండి. గీత దాని చక్రం ఎంత దూరంలో ఉందో చెబుతుంది. ట్రక్కు దాటి మీటరు బయటికి వేలాడే గడ్డి ఎంత దగ్గరగా ఉందో చెప్పదు. లారీ వెనక నుంచి పొడుచుకు వచ్చిన ఇనుప ఊచలూ, దుకాణం ముందుకు దించిన రేకుల పందిరీ అంతే. ఇవి కెమెరా కంటి కంటే ఎత్తులో ఉండి అసలు తెరలోకే రాకపోవచ్చు.

నేల వాలు కూడా లెక్క తప్పిస్తుంది. వెనక నేల పైకి లేస్తూ ఉంటే, ఉదాహరణకు పొలం దారి నుంచి కాలువ కట్ట మీదికి వెనక్కి ఎక్కిస్తుంటే, వస్తువు అసలు కంటే దూరంగా ఉన్నట్టు తెర చూపిస్తుంది. పెళ్లికి వెళ్తూ మనుషుల్నీ సామాన్లనీ నింపి కారు వెనక భాగం కుంగినప్పుడు కూడా ఇదే పొరపాటు వస్తుంది. రెండు సందర్భాల్లోనూ తప్పు ప్రమాదం వైపే ఉంటుంది. అలాంటప్పుడు గీతలు ‘ఇంకా ఉంది’ అంటున్నా ముందే ఆగాలి.

కాలువ పక్కన సెన్సర్ ఎందుకు మోగదు?

కృష్ణా డెల్టాలో ఉండేవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. బంపరులోని గుండ్రటి సెన్సర్లు మన చెవికి వినబడని శబ్దాన్ని వదులుతాయి. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాకా వింటే, వీటి శబ్దం 40 కిలోహెర్ట్జ్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అది దేనికైనా తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టి బీప్ మోగిస్తాయి. గోడ ఉంటే శబ్దం తిరిగొస్తుంది. గొయ్యి ఉంటే దేనికీ తగలదు, తిరిగి రాదు. అంటే వెనక ఏమీ లేదని సెన్సర్ అనుకుంటుంది. నిజమే, అక్కడ ఏమీ లేదు. నేల కూడా లేదు.

తెనాలి ఊళ్లోంచే మూడు కాలువలు పారతాయి. తెనాలి నుంచి రేపల్లె, బాపట్ల వైపు పల్లెల్లోకి వెళ్తుంటే చాలాచోట్ల రోడ్డుకు ఒక పక్క కాలువో మురుగు కాలువో, మరో పక్క రోడ్డు కంటే కిందికి ఉన్న పొలమో ఉంటుంది. సార్వా రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన నీళ్లు కాలువ నిండా పారుతుంటాయి. గట్టు అంచున గడ్డీ తుమ్మకంపా పెరిగి, ఎక్కడిదాకా గట్టి నేలో పైకి తెలియదు. పైనుంచి కిందికి చూసే వెడల్పు లెన్సులో లోతు సరిగా అందదు. పంట బోదె మీద పెరిగిన గడ్డి తెరలో పచ్చటి చదును నేలలా కనిపిస్తుంది. వానకు నానిన రోడ్డు మార్జిన్ చూపుకు గట్టిగానే ఉండి, కారు బరువు పడగానే జారుతుంది. ఆ సంగతి ఏ కెమెరాకూ తెలియదు.

అందుచేత కాలువ పక్కన నియమం ఒక్కటే: దిగి, కాలితో నొక్కి చూసి, చక్రం ఎక్కడిదాకా వెళ్లవచ్చో గుర్తు పెట్టుకోవాలి. వీలైతే ఆ గుర్తు దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి. ఆ మనిషి కారు వెనక కాదు, పక్కగా, డ్రైవరు అద్దంలో కనబడేలా నిలబడాలి. ‘రానీ రానీ’ అనే మనిషి అద్దంలోంచి మాయమైతే వెంటనే బ్రేకు వేయాలి. ఎదురు బండికి దారి ఇవ్వాల్సి వస్తే కాలువ వైపు కాకుండా రెండో వైపుకు, లేదంటే వెడల్పు ఉన్న చోటిదాకా నేరుగా వెనక్కి వెళ్లడం మేలు.

సెన్సర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. మెత్తటి గడ్డిమోపు శబ్దాన్ని పీల్చేసుకుంటుంది. సన్నటి ఇనుప స్తంభం తగినంత శబ్దాన్ని వెనక్కి పంపదు. వీటిని కెమెరా చూపిస్తుంది. చీకట్లో కెమెరా చూపలేని గోడను సెన్సర్ పట్టుకుంటుంది. అందుకే రెండూ ఉంటే మేలు.

కెమెరా ఉన్నా ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయి?

పైన చెప్పిన అమెరికా సంస్థే పోలీసు రికార్డుల్లోకి ఎక్కిన రివర్స్ ప్రమాదాల్నీ పరిశీలించింది. కెమెరా ఒక్కటే ఉంటే అవి సుమారు 17 శాతం, సెన్సర్లు ఉంటే 28 శాతం, కారు తనంతట తానే బ్రేకు వేసుకునే ఏర్పాటు ఉంటే 62 శాతం తగ్గాయి. మూడూ కలిస్తే 78 శాతం. కనబడని మేర 90 శాతం తగ్గినా ప్రమాదాలు 17 శాతమే తగ్గాయంటే, కనబడటం వేరు, చూడటం వేరు, చూసి ఆగగలగడం వేరు అని అర్థం.

లెక్క వేసి చూడండి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వెళ్తే సెకనుకు 1.4 మీటర్లు కదులుతాం. తెరలో పిల్లవాణ్ని చూసి కాలు బ్రేకు మీద పడటానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, ఆలోపే కారు 2 మీటర్లు జరిగిపోతుంది. అదే గంటకు 2 కిలోమీటర్లయితే 80 సెంటీమీటర్ల చిల్లరే. సూర్యలంక బీచ్ దగ్గర ఆదివారం పూట కార్ల మధ్య నుంచి పిల్లలు పరుగెత్తుకుంటూ వస్తారు. రెండు పక్కలా కార్లు ఆగి ఉంటే, పిల్లలు వాటిని దాటి మీ వెనక్కి వచ్చేదాకా కెమెరాకు కనబడరు. అక్కడ కాపాడేది మీరు వెళ్లే వేగమే.

రాత్రి, ఎండ, వాన, ఉప్పుగాలి ఏం చేస్తాయి?

వీధి దీపం లేని కట్ట మీద రివర్స్ లైటు వెలుగు కొద్ది దూరమే పడుతుంది, ఆ పైన బొమ్మ చుక్కలు చుక్కలుగా మారుతుంది. సాయంత్రం ఎండ సూటిగా కొడితే తెర తెల్లగా మారిపోతుంది. చెట్టు నీడలో ఉన్న వస్తువు చుట్టూ ఎండ ఉంటే నల్లగా కలిసిపోతుంది. పైన చెప్పిన అమెరికా సంస్థ చేసిన ఒక ప్రయోగంలో నీడలో పెట్టిన వస్తువును కెమెరా ఉన్నవాళ్లు కూడా దాదాపు అందరూ గుద్దారు. వానాకాలం చక్రాలు చిమ్మిన బురదా, శీతాకాలం తెల్లవారుజామున మంచూ, సముద్రం దగ్గర ఉప్పు పొరా లెన్సును కప్పేస్తాయి. పొడి గుడ్డతో రుద్దితే ఇసుక లెన్సును గీరుతుంది. ముందు నీళ్లు పోసి, తర్వాత మెత్తటి తడిగుడ్డతో తుడవాలి.

పాత కారుకు పెట్టిస్తే ఏం చూసుకోవాలి?

బిగించాక దుకాణం దగ్గరే మూడు పరీక్షలు చేయండి. ఒక మనిషిని కుడి వెనక నిలబెట్టి, తెరలోనూ కుడివైపే కనిపిస్తున్నాడో లేదో చూడండి. బంపరు నుంచి ఒక మీటరు దూరంలో చెప్పు పెట్టి, ఏ గీత దగ్గర పడుతుందో గుర్తుపెట్టుకోండి. దుకాణంలో బిగించే చాలా కెమెరాల గీతలు మీ కారు కొలతలతో గీసినవి కావు, స్టీరింగు తిప్పినా కదలవు. చివరగా, చీకటి పడ్డాక ఒకసారి చూడండి. పగలు బాగున్న చవక కెమెరా రాత్రి పూట ఏమీ చూపించకపోవచ్చు.

మరి ఏ వరుసలో చూడాలి?

కారెక్కే ముందు చుట్టూ ఒకసారి నడవండి. ఇంట్లో పసివాళ్లుంటే ఎవరో ఒకరు చేయి పట్టుకుని ఉన్నారని చూసుకున్నాకే ఇంజను స్టార్ట్ చేయండి. కిటికీ అద్దాలు దించి, పాటలు ఆపండి. గేరు వేశాక ముందు తెర, తర్వాత రెండు పక్క అద్దాలు, మెడ తిప్పి రెండు భుజాల మీదుగా వెనక, మళ్లీ తెర. కాలు బ్రేకు మీదే ఉంచి, మనిషి నడక కంటే నిదానంగా కదలండి. తెర మీదే చూపు నిలిపితే కారు ముక్కు పక్కకు తిరిగి పక్క స్కూటరును గీకడం ఖాయం. రద్దీ బజారులో, వీలున్నప్పుడు, వచ్చేటప్పుడే వెనక్కి పెట్టి ఆపండి. అప్పుడు మీరు వెనక్కి వెళ్లేది ఇప్పుడే చూసిన చోటులోకే, బయటికి వచ్చేటప్పుడు ముందుకే వస్తారు.

ఇతరులకు ప్రమాదం లేదని నిర్ధారించుకున్నాకే వెనక్కి నడపాలని 1989 నాటి మన రహదారి నిబంధనలే చెప్పాయి. నిర్ధారించుకోవాల్సిన ఆ బాధ్యత డ్రైవరుది. కెమెరా పెట్టించుకోండి, శుభ్రంగా ఉంచుకోండి, అది చూపించిన ప్రతిదానికీ ఆగండి. అది ఏమీ చూపించనప్పుడు మాత్రం దారి ఖాళీగా ఉందని నమ్మకండి, దిగి చూడండి.